పాపట వెడల్పవుతోంది అక్కా!

(తిరుపతిలో 28 ఏళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్న అక్క, పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అక్కా, నాకు 44 ఏళ్ళు. చిత్తూరులో ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. మూడేళ్ళుగా నా పాపట వెడల్పవుతూ వస్తోంది. జడ చిటికెన వేలంత అయింది. పొద్దున మూర మల్లెపూలు పెట్టుకుంటే మధ్యాహ్నానికి జారి మెడ మీద పడుతున్నాయి, పిన్ను నిలవడం లేదు. కుర్చీలో కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతుంటే, చుట్టూ నిలబడిన పిల్లల్లో ఒక పాప "టీచర్, మీ తల లోపల తెల్లగా కనిపిస్తోంది" అంది. ఆ రోజు నుంచి నిలబడే దిద్దుతున్నాను. ఇంకో ఏడు నెలల్లో మా అమ్మాయి పెళ్ళి. మా అత్తగారేమో "కొండకు పోయి తలనీలాలు ఇచ్చెయ్యి, మళ్ళీ ఒత్తుగా వస్తుంది" అంటున్నారు. ఉల్లిరసం, ఆముదం, మందారాకు అన్నీ అయిపోయాయి. ఇవ్వమంటారా? అసలు ఎవరికి చూపించుకోవాలి?
– ఒక టీచర్, చిత్తూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు మొక్కు సంగతి చెబుతాను. స్వామికి తలనీలాలు ఇవ్వాలని మీ మనసుకు అనిపిస్తే ఇవ్వండి, అది మీకూ ఆయనకూ మధ్య మాట. జుట్టు ఒత్తుగా వస్తుందని మాత్రం ఇవ్వకండి. కత్తి తగిలేది చర్మం పైన ఉన్న వెంట్రుకకు. దానికి ప్రాణం లేదు. ప్రాణం ఉన్నది చర్మం లోపల, కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురులో. మల్లెచెట్టును కత్తిరిస్తే చిగుళ్ళు వేస్తుంది కదా అంటారు. మల్లెకొమ్మ మీద చిగురు మొలిచే కణుపు ఉంటుంది, వెంట్రుక మీద ఏ కణుపూ ఉండదు. గుండు తర్వాత వచ్చే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది. అన్నీ ఒకే పొడవులో నిలబడతాయి కాబట్టి కంటికి ఒత్తుగా కనిపిస్తుంది. అలాంటి తలలు నా కుర్చీలో ఎన్నో చూశాను. జుట్టు భుజాల దాకా వచ్చేసరికి, పాపట మునుపు ఎక్కడ వెడల్పుగా ఉండేదో అక్కడే మళ్ళీ తేలుతుంది. పైగా జుట్టు పెరిగేది నెలకు సుమారు ఒక సెంటీమీటరు. ఏడు నెలలకు ఏడు సెంటీమీటర్లు. పెళ్ళినాటికి ముడి కాదు కదా, పిలక కూడా కుదరదు.

అత్తగారి మాట తీసెయ్యకుండా ఉండాలంటే కల్యాణకట్టలో మూడు కత్తెర్లు, అంటే మూడుసార్లు కత్తిరించిన జుట్టు కొసలు, ఇచ్చి రండి. ఆడవాళ్ళు చాలామంది అలాగే మొక్కు తీర్చుకుంటారు.

కొండ అన్నారు కాబట్టి ఒక మాట. స్వామి తలకు దెబ్బ తగిలి కొంత మేర జుట్టు పోతే, గంధర్వ రాజకుమారి నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందని, ఆమె పేరు మీదే ఏడు కొండల్లో ఒకటి నీలాద్రి అయిందని మన పెద్దలు చెబుతారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. నా నెత్తి పలచబడిన తర్వాత అది నాకు వేరేగా వినిపించింది. జుట్టు పోయిన చోటును దాచకుండా, కథగా చేసి ఇన్ని తరాలు చెప్పుకున్న ఊరు మనది. అలాంటి ఊళ్ళో ఉండి మనం కొంగు కప్పుకుని తిరగడం ఎందుకు?

అవును, నాకూ అయింది. పార్లర్‌లో జుట్టు కత్తిరించాక వెనక నుంచి చిన్న అద్దం పట్టి చూపిస్తాం. నాకు 46 ఏళ్ళప్పుడు, మా దగ్గర పనిచేసే అమ్మాయి నా జుట్టుకు రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, అలవాటుగా అద్దం పట్టింది. నుదుటి దగ్గర సన్నగా మొదలైన పాపట, నడినెత్తికి వచ్చేసరికి చెట్టు కొమ్మల్లా అటూ ఇటూ చీలిపోయి ఉంది. ముందు వరస జుట్టు ఎప్పటిలాగే ఉంది కాబట్టి రోజూ అద్దంలో చూసుకుంటున్నా నాకు తెలియలేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అద్దాన్ని మెల్లగా దించేసింది. అది దించిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

తర్వాత రెండేళ్ళు నేనూ మీలాగే గడిపాను. గుంటగలగరాకు దంచి నూనె కాచాను. మెంతులు నానబెట్టి పట్టించాను. చివరికి ఒక క్లినిక్‌కు వెళ్తే, రక్తపరీక్ష మాటే ఎత్తకుండా ఆరు సిట్టింగుల ప్యాకేజీ అని డబ్బు ముందే కట్టించుకున్నారు. మూడో సిట్టింగ్ అయ్యాక తాపీగా "మీకు థైరాయిడ్ ఏమైనా ఉందా?" అని అడిగారు. మొదటి రోజు అడగాల్సిన మాట అది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆ రెండేళ్ళు పోయినందుకే నాకు బాధ.

ఎందుకంటే, చెల్లెమ్మా, ఆడవాళ్ళ జుట్టు పోయేది ముఖ్యంగా రెండు రకాలుగా. ఒకటి, జ్వరం తర్వాతో కాన్పు తర్వాతో గుప్పెళ్ళతో రాలడం. అది చూసి హడలిపోతాం కానీ, చాలామందికి అది దానంతటదే తిరిగొస్తుంది. రెండోది, ఏ చప్పుడూ లేకుండా ఏళ్ళ తరబడి పలచబడటం. దాన్ని "వయసు కదా" అని ఓపిక పడతాం. ఓపిక పట్టినకొద్దీ పోయేది అదే. భయపడనక్కర్లేని చోట భయపడుతున్నాం, తొందరపడాల్సిన చోట ఊరుకుంటున్నాం. నా కుర్చీలో కూర్చున్న ఎంతమందికో ఇదే చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

మీరు రాసినదాన్ని బట్టి మీది రెండో రకంలా ఉంది. డాక్టర్లు దీన్ని ఫిమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అంటారు. లుడ్విగ్ అనే డాక్టరు 1977లోనే దీన్ని మూడు దశలుగా విడదీశారు. ఎంత ముందు దశలో పట్టుకుంటే అంత మేలు. ఇందులో కుదురు చచ్చిపోదు, చిన్నదైపోతుంది. మొదట లావు వెంట్రుక ఇచ్చిన కుదురే తర్వాత సన్నటిది ఇస్తుంది, ఆ తర్వాత పసిపిల్లల నూగులాంటిది ఇస్తుంది. నేను చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆవిడ టార్చిలాంటి చిన్న పరికరం నా నెత్తి మీద పెట్టి స్క్రీన్ మీద చూపించారు. తల వెనక వైపు ఒక్కో రంధ్రం నుంచి రెండేసి, మూడేసి వెంట్రుకలు గుత్తిగా వస్తున్నాయి. నడినెత్తి మీద చాలా రంధ్రాల నుంచి ఒక్కొక్కటే, అదీ కొన్ని లావుగా, కొన్ని దారప్పోగులా. ఆ స్క్రీన్ చూశాక, నూనె మీద పెట్టుకున్న ఆశ నేనే వదిలేశాను. నూనె వెంట్రుకను మెత్తగా ఉంచుతుంది, తెగిపోకుండా కాస్త కాపాడుతుంది. చిన్నదైన కుదురును అది పెద్దది చేయలేదు.

అందుకని చూపించుకోవాల్సింది చర్మవ్యాధుల డాక్టరుకు. మాలాంటి పార్లర్ వాళ్ళకు కాదు, ప్యాకేజీలు అమ్మే కౌంటర్లకు కాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. చిత్తూరులోనే మీకు నమ్మకమైన డాక్టరు ఉంటే ఇంత దూరం రానక్కర్లేదు. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షల గురించి అడగండి. అవసరమైతే బీ12, డీ విటమిన్ కూడా చూస్తారు. హిమోగ్లోబిన్ 12 ఉంది కదా, రక్తం బాగుంది అని ఊరుకోకండి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా అది అడుగంటి ఉండొచ్చు. మీ వయసులో నెలసరి ఎక్కువగా అవుతుంటే ఆ సంగతి డాక్టరుతో సిగ్గుపడకుండా చెప్పండి, ఐరన్ పోయే దారి చాలాసార్లు అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. అంటే మీ స్టాఫ్ రూమ్‌లో సగం మందికి ఉండొచ్చు.

జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? వేసుకుంటుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి. ఎక్కువ డోసు బయోటిన్ థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపించగలదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయనే చెబుతారు. ఇది చాలామందికి తెలియక, లేని జబ్బుకు మందు మొదలయ్యే ప్రమాదం ఉంది.

మీలాంటివాళ్ళకు డాక్టర్లు ముందుగా రాసే మందు మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్ళకు ఒంటి మీద జుట్టు పెరుగుతోందని గమనించి, తలకు రాసే మందుగా మార్చారు. మీకు ఎంత శాతం, రోజుకు ఎన్నిసార్లు అన్నది డాక్టరు మాట. వాడే పద్ధతి మాత్రం నేను చెబుతాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. మందు రాయాల్సింది జుట్టుకు కాదు, మాడుకు. తల పొడిగా ఉండాలి. దువ్వెన మొనతో పాపట తీసి ఆ గీత మీద వెయ్యండి, పక్కన ఇంకో పాపట తీసి మళ్ళీ వెయ్యండి, వేలి కొసతో అద్దండి. నుదుటి మీదికి కారనివ్వకండి, కారిన చోట నూగు రావచ్చు. రాత్రి పూటైతే పడుకునేలోపు ఆరిపోయేలా ముందే రాసుకోండి, లేకపోతే దిండుకంటి అక్కడి నుంచి ముఖానికి అంటుతుంది. చేతులు కడుక్కోండి. ఇంట్లో పిల్లిని పెంచుతుంటే మరీ జాగ్రత్త, ఈ మందు పిల్లులకు విషం.

మొదలుపెట్టిన కొన్ని వారాలకు జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. అక్కడే సగం మంది భయపడి సీసా పారేస్తారు. నేనూ ఒకసారి పారేయబోయి డాక్టరుకు ఫోన్ చేశాను. పాత సన్న వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయని, కొద్ది వారాల్లో తగ్గుతుందని ఆవిడ చెప్పారు, అలాగే తగ్గింది. తేడా కంటికి కనపడటానికి కనీసం నాలుగు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇప్పుడు మొదలుపెడితే పెళ్ళినాటికి కాస్తయినా తేడా చూసే అవకాశం ఉంది, అందుకే తొందరపెడుతున్నాను. ఒక నిజం కూడా ముందే వినండి. మందు ఆపేస్తే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. పదేళ్ళుగా వాడుతున్నాను నేను. ఇరవై ఏళ్ళప్పటి జడ నాకు రాలేదు. పాపట మాత్రం ఇంకా వెడల్పు కాలేదు, కొంత పూడింది కూడా.

తిండి దగ్గర ఒక్కటి చెబుతాను. మన ఇళ్ళల్లో రాగిసంగటి, ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి ఉండనే ఉంటాయి, మంచి తిండే. కానీ తిన్న వెంటనే టీ తాగుతాం. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. టీకీ భోజనానికీ గంట ఎడం పెట్టండి, పప్పులో నిమ్మకాయ పిండుకోండి. మాంసం తినేవాళ్ళైతే వారానికొకసారి మేక కార్జం మంచిది.

ఇక పెళ్ళి రోజు. మా అమ్మమ్మ దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి గోడ సందులో దాచేది, వీధిలోకి సవరాలు కట్టే ఆమె వస్తే ఇచ్చి సవరం కట్టించుకునేది. ఆ కాలంలో ఎవరూ దాన్ని దొంగతనంగా పెట్టుకోలేదు. మీరూ పెట్టుకోండి. కాకపోతే సవరం జడకే పనికొస్తుంది, నడినెత్తిని కప్పదు. దానికి టాపర్ అని చిన్న విగ్గులాంటిది క్లిప్పులతో దొరుకుతుంది. క్లిప్పు ఎప్పుడూ ఒకే చోట పెట్టకండి, రాత్రికి తీసెయ్యండి. టాపర్ ఇష్టం లేకపోతే జుట్టు రంగులో ఉండే కెరాటిన్ పొడి పాపట మీద చల్లుకోవచ్చు. మండపంలో లైట్లు పైనుంచి పడతాయి, మాడు తళుక్కుమనేది అందుకే. ఆ పొడి ఆ మెరుపును ఆపుతుంది. వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి. పాపట కూడా చిన్నప్పటి నుంచి తీస్తున్న చోటే తీయాలని లేదు. దువ్వెన కొసతో కాస్త వంకరటింకరగా తీస్తే తెల్లగీత కనపడదు.

పూలు నిలవడం లేదన్నారు కదా. పిన్ను ఒంటరిగా పెడితే సన్నటి జుట్టులో జారిపోతుంది. రెండు పిన్నులను గుణకారం గుర్తులా ఒకదాని మీద ఒకటి అడ్డంగా గుచ్చండి. మూర బదులు జానెడు పూలు చాలు, దండను జడ మీద కాకుండా రబ్బరుబ్యాండు కిందినుంచి దూర్చండి. సాయంత్రం దాకా ఉంటాయి. మీ అమ్మాయి పెళ్ళికి మీరు పూలు పెట్టుకోవాలి.

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. బాబు పుట్టి నాలుగు నెలలు. తలస్నానం చేస్తే గుప్పెడు జుట్టు ఊడుతోంది. వెంట్రుక చివర తెల్లగా ఉంటోంది, కుదుళ్ళతో సహా వచ్చేస్తున్నట్టుంది. భయమేసి తలస్నానం పది రోజులకొకసారి చేస్తున్నాను. బాబుకు పాలిస్తున్నాను. మినాక్సిడిల్ వాడొచ్చా?
– ఒక తల్లి, రేణిగుంట

జవాబు: వద్దు తల్లీ. పాలిచ్చే తల్లులు దాన్ని వాడకూడదు. నీకు ఆ అవసరం కూడా కనిపించడం లేదు.

కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలాల్సిన జుట్టు రాలకుండా ఆగుతుంది. ఏడో నెలలో నీ జడ ఎంత బాగుండేదో గుర్తు తెచ్చుకో. కాన్పు అయ్యాక ఆ ఆగినదంతా ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళి, రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలవుతుంది. డెంగీ, టైఫాయిడ్, ఆపరేషన్ల తర్వాత కూడా లెక్క ఇంతే. జ్వరం తగ్గిపోయిన రెండు మూడు నెలలకు రాలుతుంది కాబట్టి కారణం మనకు తట్టదు, షాంపూను తిడతాం. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు లోపల సర్దుకుంటుంది. ఆ చివర తెల్లగా ఉన్నది కుదురు కాదు. రాలే కాలం వచ్చిన వెంట్రుక అడుగున ఉండే చిన్న ముడి అది. కుదురు లోపలే ఉంది, మళ్ళీ మొలిపిస్తుంది. ఇంకో రెండు మూడు నెలలకు నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిలబడి, ఎంత దువ్వినా అణగవు. అవి కనపడిన రోజు సంతోషించు.

తలస్నానం మానకు. మామూలుగానే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. పది రోజులవి ఒక్కసారి చేతికి వస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. వారానికి రెండు మూడు సార్లు చెయ్యి.

మన వైపు బాలింత పథ్యం పేరుతో వెల్లుల్లికారం, అన్నం తప్ప ఏమీ పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లోనూ అంతే అయితే, అత్తకో అమ్మకో ఈ పేజీ చూపించు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు నీకు కావాలి. కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు ఐరన్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వమే ఇస్తోంది, ఆశా కార్యకర్తను అడుగు. నీరసం మరీ ఎక్కువగా ఉన్నా, గుండె దడగా ఉన్నా, ఏడాది దాటినా రాలడం ఆగకపోయినా థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

జుట్టు కంటే ముఖ్యమైన మాట ఇది, రోజూ గుర్తుపెట్టుకో. రాలిన నీ వెంట్రుక బాబు కాలివేలికో చేతివేలికో చుట్టుకుని బిగుసుకుపోవచ్చు. బాబు ఎందుకో తెలియకుండా గుక్కపెట్టి ఏడుస్తుంటే, సాక్సులు విప్పి వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూడు, చిన్నమగవాడు కాబట్టి డైపర్ విప్పి అక్కడ కూడా చూడు. వేలు ఎర్రగా వాచి, మధ్యలో దారం కట్టినట్టు గీత కనపడితే, తీయడం రాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తు. బాబును ఎత్తుకునేటప్పుడు జుట్టు వదులుగా ముడి వేసుకో.

ప్రశ్న: నేను తిరుపతిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడి బోరు నీళ్ళ వల్ల జుట్టు రాలుతోందని అందరూ అంటున్నారు. నాకు చెవుల పైన, కణతల దగ్గర పలచబడింది. పొద్దున బిగించి పోనీటైల్ వేస్తాను, రాత్రి పడుకునేముందు తీస్తాను. నీళ్ళ ఫిల్టర్ కొనాలా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: కొనొద్దమ్మా. ఉప్పునీళ్ళ వల్ల జుట్టు గరుకై, చిక్కుపడి మధ్యలో తెగుతుంది. కణతల దగ్గర మాత్రమే పలచబడితే అది నీళ్ళ పని అయ్యే అవకాశం తక్కువ, ఆ బిగింపు పని. రబ్బరుబ్యాండు తీసేసరికి నెత్తి సలుపుతోందంటే అది బిగుతు ఎక్కువైందనే అర్థం. ఈ వయసులో వదిలేస్తే తిరిగొస్తుంది. పదేళ్ళు ఇలాగే లాగితే ఆ కుదుళ్ళు మూసుకుపోతాయి, తర్వాత ఏ మందుకూ లొంగవు. చిన్నప్పటి నుంచి రెండు జడలు బిగించి, ఇప్పుడు కణతలు నున్నగా అయిపోయిన ఆడవాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. వదులుగా ఒక జడ వేసుకో, తడితల మీద దువ్వకు, గుడ్డ రబ్బరుబ్యాండు వాడు. మూడు నాలుగు నెలలు చూడు.

ఈలోగా రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా ఊడినా (మన వాళ్ళు పేనుకొరుకుడు అంటారు), మాడు మండినా, ఊడిన చోట రంధ్రాలు కూడా కనపడకుండా నున్నగా మెరిసినా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, నాలుగు నెలలు ఆగొద్దు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకైతే రూమ్మేట్‌ను తోడు తీసుకెళ్ళు. వెళ్ళేటప్పుడు తలకు నూనె రాసుకోకు, మాడు సరిగ్గా కనపడదు.